పైరేట్స్ సీజన్ టికెట్లు: పాతిక సీజన్ల తర్వాత నా సమీక్ష

2001లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ బేస్‌బాల్ జట్టు పీఎన్‌సీ పార్కు అనే కొత్త మైదానానికి మారినప్పుడు ఇద్దరికి సరిపడా సీజన్ టికెట్లు కొన్నాను. సొంత మైదానంలో జరిగే ఎనభై ఒక్క ఆటలకూ కాదు, వాటిలో ఇరవై ఆటల కట్ట. ప్రేక్షకులను రానివ్వని 2020ని పక్కన పెడితే ఏటా తీసుకుంటూనే వచ్చాను. ఆ ఏడాదిని టీవీలో చూశాను కాబట్టి పాతిక సీజన్లని లెక్క వేసుకుంటున్నాను. వాటిలో ఓటముల కన్నా గెలుపులు ఎక్కువున్న సీజన్లు నాలుగే: 2013, 2014, 2015, 2018. ప్లేఆఫ్స్‌కు వెళ్ళింది మూడుసార్లు. లీగులోని మా గుంపులో, అంటే డివిజన్లో, మొదటి స్థానం చివరిసారి వచ్చింది 1992లో. అప్పుడు నేను విజయవాడలో చదువుకుంటున్నాను. బేస్‌బాల్ అనే ఆట ఎలా ఉంటుందో కూడా తెలియదు.

జట్టు ఓడిపోతోందన్న కోపంతో ఇది రాయడం లేదు. ఆట అన్నాక ఎవరో ఒకరు ఓడతారు. ఏటా 162 ఆటలు ఆడే ఈ క్రీడలో ఎంత గొప్ప జట్టయినా నలభైకి పైగా ఓటములు మూటగట్టుకుంటుంది. నా బాధంతా జట్టును నడిపే తీరు గురించి.

ముందు మైదానం గురించి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. మూడో బేస్ వెనక, కాస్త పైన కూర్చుంటే ఎదురుగా అలెగెనీ నది, దానిపై పసుపు రంగు రాబర్టో క్లెమెంటే వంతెన, అవతలి ఒడ్డున నగరం మేడలు. ఆట ఉన్న రోజుల్లో వంతెన మీద కార్లు ఆపేస్తారు. జనం నడిచి దాటుతారు. జూన్ సాయంత్రం ఏడు గంటలకు ఎండ ఆ మేడల అద్దాల మీద పడుతుంటే, పక్క సీటువాళ్ళు బంగాళదుంప వేపుడు లోపలే కూరిన ప్రిమాంటీ శాండ్‌విచ్ తింటుంటే, పిల్లలు పిరోగి (కజ్జికాయ లాంటి తినుబండారం) బొమ్మల పరుగుపందెం కోసం కేకలు వేస్తుంటే స్కోరు ఎంతన్నది కాసేపు మరిచిపోతాం. మాకు అలవాటైన ఆదివారం ఇదే: పొద్దున ఊరి శివారు పెన్ హిల్స్‌లో వేంకటేశ్వరస్వామి దర్శనం, అక్కడే పులిహోర, మధ్యాహ్నం ఆట. 1976 నుంచి ఉన్న ఆ గుడి, ఈ మైదానం రెండూ కలిసే నన్ను ఈ ఊరివాణ్ణి చేశాయి. మైదానానికి నేను అయిదు చుక్కలూ ఇస్తాను. అమెరికాలో ఇంతకన్నా అందమైన బేస్‌బాల్ మైదానం నేను చూడలేదు.

దాన్ని కట్టడంలో ప్రజల డబ్బు పెద్ద ఎత్తున ఉంది. అంత మంచి వేదికను ఊరు సమకూర్చింది. దాని మీద ఆడించాల్సిన జట్టు సంగతే మిగిలింది.

1993 నుంచి 2012 వరకు ఇరవై సీజన్లు వరసగా ఓటములే ఎక్కువ. అమెరికాలోని నాలుగు పెద్ద వృత్తి క్రీడల్లో ఏ జట్టుకూ ఇంత పొడవైన వరస లేదు. అందులో పన్నెండేళ్ళు నేను సీటులో కూర్చుని చూశాను. క్రికెట్ చూసి పెరిగినవాణ్ణి కనుక మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు. 2008లో మొదటి ఐపీఎల్‌లో హైదరాబాద్ డెక్కన్ ఛార్జర్స్ అట్టడుగున నిలిచింది. మరుసటి ఏడాది అదే జట్టు కప్పు ఎత్తింది. ఇక్కడ ఎందుకు కాదు? కారణాలు తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. ఐపీఎల్‌లో ప్రతి జట్టూ వేలంలో ఒకే పరిమితికి లోబడి ఖర్చు పెట్టాలి. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో జీతాలకు గట్టి పైకప్పు లేదు, కింద ఇంత తప్పక ఖర్చు పెట్టాలన్న నేలా లేదు. ఒక మోతాదు మించితే పన్ను కట్టాలి, అంతే. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ 2023 డిసెంబర్‌లో జపాన్ ఆటగాడు ఒహ్తానీ ఒక్కడికే పదేళ్ళకు 70 కోట్ల డాలర్ల ఒప్పందం రాసింది. మా జట్టు చరిత్రలో పది కోట్ల డాలర్లు దాటిన మొదటి ఒప్పందం అదే ఏడాది బ్రయన్ రెనాల్డ్స్‌తో జరిగింది, ఎనిమిదేళ్ళకు.

కాబట్టి పోటీ సమానం కాదు, ఒప్పుకుంటాను. యాజమాన్యం తరఫున మాట్లాడేవాళ్ళు ఈ మాట దగ్గరే ఆగిపోతారు. నేను ఆగను. ధనిక జట్ల స్థానిక రాబడిలో కొంత భాగం పేద జట్లకు పంచే ఏర్పాటు లీగులో ఉంది. ఆ డబ్బు జట్టును మెరుగుపరచడానికి వాడాలన్నది నిబంధన. అలా వాడడం లేదని 2018లో ఆటగాళ్ళ సంఘం నాలుగు జట్లపై ఫిర్యాదు పెట్టింది. వాటిలో మాది ఒకటి. ఇక మిల్వాకీ సంగతి చూడండి. నగరం, చుట్టుపక్కల ఊళ్ళు కలిపి లెక్కేస్తే పిట్స్‌బర్గ్ కన్నా చిన్నది. మా డివిజన్లోనే ఆడుతుంది, ఇవే నిబంధనలు. 2018 నుంచి 2025 దాకా ఎనిమిదేళ్ళలో ఏడుసార్లు ప్లేఆఫ్స్‌కు వెళ్ళింది. 2025లో 97 గెలుపులతో మొత్తం లీగులోనే మొదటి స్థానంలో నిలిచింది. చిన్న ఊరు కాబట్టి చేతకాదన్న మాట పక్క ఊరిని చూశాక ఎలా నమ్మను?

ఒకప్పుడు మాకూ చేతనయింది, అది కూడా చెప్పాలి. 2008 నవంబర్‌లో ఈ జట్టే రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు భారతీయ కుర్రాళ్ళతో ఒప్పందం చేసుకుంది. వాళ్ళు ఈటె విసిరేవాళ్ళు, ఒక టీవీ పోటీలో దొరికినవాళ్ళు. అమెరికా వృత్తి బేస్‌బాల్‌లో సంతకం చేసిన మొదటి భారతీయులు. గుడిలో కనిపించిన ప్రతివాళ్ళూ “అన్నయ్యా, మనవాళ్ళు ఎప్పుడు దిగుతారు?” అని నన్నే అడిగేవాళ్ళు. ఇద్దరూ మేజర్ లీగ్ దాకా రాలేకపోయారు. అయినా ఎవరూ చూడని చోట వెతకాలన్న తెగువ ఆనాడు ఈ సంస్థలో ఉంది. ఆ తెగువే తర్వాత 2013ను తెచ్చింది.

2013 అక్టోబర్ 1. సిన్సినాటితో వైల్డ్ కార్డ్ ఆట, అంటే ఓడితే ఇంటికే అన్న ఒకే ఒక్క ఆట. నలభై వేల మందిమి నల్ల చొక్కాలు వేసుకుని వచ్చాం. ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత మొదటి ప్లేఆఫ్ ఆట. ప్రత్యర్థి పిచర్ (బంతి వేసేవాడు) జానీ క్వేటో పేరును మైదానమంతా సాగదీసి ఒక్క గొంతుతో పిలుస్తుంటే అతని చేతిలోంచి బంతి జారి కింద పడింది. తర్వాతి రెండు బంతుల్లోపే మా రస్సెల్ మార్టిన్ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టాడు. మా అబ్బాయికి అప్పుడు పదేళ్ళు. నా భుజాలెక్కి ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. ఎవరో ముక్కు మొహం తెలియని పెద్దాయన మా ఇద్దరినీ కౌగిలించుకుని “ఇన్నాళ్ళు బతికినందుకు చూశాను” అన్నాడు. పాతిక సీజన్ల డబ్బూ ఆ ఒక్క రాత్రికి ఇచ్చానన్నా నాకు బాధ లేదు.

2015లో 98 గెలిచాం. ఆ ఏడాది మా డివిజన్లోని మూడు జట్లే మొత్తం లీగులో మొదటి మూడు స్థానాల్లో నిలిచాయి. సెయింట్ లూయిస్ 100, మేము 98, షికాగో కబ్స్ 97. వైల్డ్ కార్డ్ ఆటలో కబ్స్ పిచర్ అరియెటా మాకు ఒక్క పరుగూ ఇవ్వలేదు. 98 గెలిచిన జట్టు ఒక్క రాత్రితో ఇంటికి పోయింది. అది దురదృష్టం, దానికి ఎవరినీ తప్పుపట్టను. నేను తప్పుపట్టేది ఆ తర్వాతి చలికాలాన్ని. కబ్స్ మంచి ఆటగాళ్ళను కొని మరుసటి ఏడాది ప్రపంచ సిరీస్ గెలిచింది. మేము పిట్స్‌బర్గ్‌లోనే పుట్టి పెరిగిన నీల్ వాకర్‌ను న్యూయార్క్ మెట్స్‌కు ఇచ్చేసి, ఒక పిచర్ను తెచ్చుకున్నాం. అతను సీజన్ సగం దాటగానే వెళ్ళిపోయాడు. పిచర్ హ్యాప్ వెళ్ళిపోయాడు, బ్యాటర్ పెడ్రో అల్వారెజ్‌ను వదులుకున్నారు. ఇంకొక్క మెట్టు ఎక్కితే చాలు అన్న చోట ఆగి, నిచ్చెన తీసేశారు. 2016లో 78 గెలుపులు.

2018 జనవరి ఇంకా మానని గాయం. ఒకే వారంలో పిచర్ గెరిట్ కోల్‌ను హ్యూస్టన్‌కు, ఆండ్రూ మెకచన్‌ను శాన్ ఫ్రాన్సిస్కోకు పంపేశారు. మెకచన్ 2013లో నేషనల్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు సగాల్లో మా జట్టున్నది) అత్యుత్తమ ఆటగాడు. ఆ ఇరవై ఏళ్ళ చీకటిని పోగొట్టినవాడు. కోల్ వెళ్ళిన రెండో ఏడాదే 326 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతితోనే అవుట్ చేశాడు. 2018లోనే జూలై చివరిరోజున క్రిస్ ఆర్చర్ అనే పిచర్ కోసం గ్లాస్నో, మెడోస్‌ను టాంపాకు ఇచ్చి, ఆ మీదట షేన్ బాజ్‌నూ కలిపారు. ఆర్చర్ ఇక్కడ రాణించలేదు. 2020లో టాంపా ప్రపంచ సిరీస్ ఆడింది, మొదటి ఆటలో బంతి వేసింది గ్లాస్నో. టాంపాది కూడా పేద జట్టే. ఆ రాత్రి టీవీ ముందు మా అబ్బాయి “నాన్నా, మన దగ్గర ఉన్నప్పుడు ఇతను ఇలా వేసేవాడు కాదు కదా” అన్నాడు. ఎందుకు వేయలేకపోయాడన్నదే అసలు ప్రశ్న. డబ్బు లేక ఆటగాణ్ణి నిలుపుకోలేకపోవడం ఒక సంగతి. చేతిలో ఉన్నవాడికి సరిగ్గా నేర్పలేకపోవడం వేరే సంగతి. రెండోదానికి ఊరు చిన్నదన్న సాకు పనికిరాదు.

ఆ తర్వాత అంతా కూల్చి మళ్ళీ కడుతున్నామన్నారు. 2021లో 101 ఓటములు, 2022లో 100. సరే, ఓపిక పట్టాం. అడుగున నిలిచే జట్లకు కుర్రాళ్ళను ఎంచుకునే వరసలో ముందు చోటు దక్కుతుంది. 2023లో మొదటి ఎంపిక మాదే అయింది, పాల్ స్కీన్స్ దొరికాడు. అతను 2024 మే 11న మొదటిసారి దిగిన రోజు నేను మైదానంలో ఉన్నాను. గంటకు వంద మైళ్ళ వేగం, మధ్యలో వాన, వాన వెలిసేదాకా కదలని జనం. ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడు అయ్యాడు. 2025లో తొమ్మిది ఇన్నింగ్స్‌కు అతను ఇచ్చిన సగటు పరుగులు 1.97. అత్యుత్తమ పిచర్‌కిచ్చే నేషనల్ లీగ్ సై యంగ్ అవార్డుకు ఓట్లు వేసిన ప్రతి ఒక్కరూ అతన్నే మొదట రాశారు. పిచర్ పేరు మీద రాసే గెలుపు ఓటముల లెక్క మాత్రం 10, 10.

ఈ అంకెల దగ్గర కాసేపు ఆగండి. లీగులోకెల్లా గొప్పగా బంతి వేసినవాడు సగం నిర్ణయాల్లో ఓడిన పిచర్‌గా మిగిలాడు. కారణం మా బ్యాటర్లు. 2025లో ముప్పై జట్లలోనూ హోమ్ రన్లు అందరికన్నా తక్కువ కొట్టింది మేమే, 117. ఈ సంగతి సీజన్ మొదలవక ముందే ఊళ్ళో మంగలి షాపు నుంచి బస్సు డ్రైవర్ దాకా అందరికీ తెలుసు. బ్యాటు పట్టేవాళ్ళు కావాలని అందరూ చలికాలమంతా అడిగారు. తెచ్చింది చాలదని మే నెలకల్లా తేలిపోయింది. ఆ నెల ఎనిమిదిన 12 గెలుపులు, 26 ఓటముల దగ్గర జట్టు కోచ్ లాంటి మేనేజర్‌ను తప్పించారు. వంట సరుకు ఇవ్వకుండా వంటమనిషిని మార్చినట్టుగా అనిపించింది నాకు. సీజన్ 71 గెలుపులు, 91 ఓటములతో ముగిసింది. స్కీన్స్ మా దగ్గర ఉండేది 2029 సీజన్ వరకే. ఆ గడువు ప్రతి అభిమానికీ తెలుసు. ఒక్కో ఏడాదీ అతని వెనక సరైన జట్టు లేకుండా గడిచిపోవడం నాకు కళ్ళెదుట ధాన్యం వానకు తడుస్తున్నట్టు ఉంది.

2025 ఏప్రిల్‌లో ఇంకొకటి జరిగింది. కుడి వైపు గోడ ఎత్తు ఇరవై ఒక్క అడుగులు, మా జట్టు పాత ఆటగాడు క్లెమెంటే చొక్కా సంఖ్య 21కి గౌరవంగా. 1972 డిసెంబర్ 31న నికరాగ్వా భూకంప బాధితులకు సహాయం తీసుకెళ్తూ విమాన ప్రమాదంలో పోయిన మనిషి ఆయన. ఆ గోడ మీద ఆయన సంఖ్య ఉన్న చోట మద్యం ప్రకటన పెట్టారు. ఊరంతా మండిపడ్డాక క్షమాపణ చెప్పి 21ని తిరిగి పెట్టారు. అదే రోజుల్లో, పార్కు కట్టినప్పుడు అభిమానులు డబ్బిచ్చి తమవాళ్ళ పేర్లు చెక్కించిన ఇటుకలు పాత సామాను కేంద్రంలో కుప్పగా పడి ఉన్న ఫొటోలు బయటికొచ్చాయి. ఆ ఇటుకల్లో నాది లేదు. కానీ ఏటా ఆటకు ముందు మనవడితో వచ్చి భార్య పేరున్న ఇటుకను వేలితో తడిమే ఒక ముసలాయనను నేను చూసేవాణ్ణి. బ్యాటర్ను కొనడానికి డబ్బు కావాలి. ఈ రెంటికీ కావలసింది డబ్బు కాదు, గుర్తుంచుకోవడం. తొలి సొంత ఆట రోజున స్టాండ్స్‌లో “జట్టును అమ్మేయండి” అని మొదలైన కేకల్లో నేనూ గొంతు కలిపాను. పాతికేళ్ళలో ఆ పని మొదటిసారి చేశాను.

అక్టోబర్ 13న మా ఊళ్ళో ఒక ఆచారం ఉంది. మా జట్టు పాత మైదానం ఫోర్బ్స్ ఫీల్డ్‌లో మిగిలిన ఇటుక గోడ దగ్గర జనం చేరి 1960 ప్రపంచ సిరీస్ ఏడో ఆట రేడియో వ్యాఖ్యానాన్ని మొదటి నుంచి వింటారు. మా బిల్ మాజెరోస్కీ కప్పు తెచ్చిన హోమ్ రన్ ఆనాడు ఏ నిమిషానికి గోడ దాటిందో, మధ్యాహ్నం 3 గంటల 36 నిమిషాలకు, సరిగ్గా ఆ నిమిషానికే వినిపించేలా మొదలుపెడతారు. 2025లో నేనూ మా అబ్బాయీ వెళ్ళాం. అరవై అయిదేళ్ళ కిందటి హోమ్ రన్‌కు అందరం చప్పట్లు కొట్టాం, కొందరు కళ్ళు తుడుచుకున్నారు. అదే సాయంత్రం మిల్వాకీలో నేషనల్ లీగ్ ఫైనల్ సిరీస్ మొదటి ఆట. ఇంటికి వచ్చి టీవీలో చూశాం. పసుపు చొక్కాలతో నిండిన ఆ స్టాండ్స్‌ను చూస్తూ అబ్బాయి ఏమీ మాట్లాడలేదు.

టికెట్ల పునరుద్ధరణ కాగితం ఆ వారమే వచ్చింది. వంటగదిలో బల్ల మీద మూడు వారాలు ఉంది. ఈసారి సంతకం పెట్టలేదు. స్కీన్స్ బంతి వేసే రోజులకు విడిగా రెండు టికెట్లు కొనుక్కుంటాను, మూడో బేస్ వెనకే, దొరికితే పాత వరసలోనే. పాత సీట్ల సంఖ్యలు ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకున్నాను.