పాత స్కార్పియో: షాక్ అబ్జార్బర్లు మారిస్తే చాలా, బుష్‌లూ మార్చాలా?

మా స్కార్పియో 1,40,000 కిలోమీటర్లు తిరిగింది. రోజూ ఆఫీసుకు అదే. స్పీడ్ బ్రేకర్ దిగాక రెండు మూడు సార్లు ఊగేది. వంగి చూస్తే వెనక షాక్ అబ్జార్బర్ ఒంటి మీద నూనె, దానికి అంటుకుపోయిన దుమ్ము.

మొదట షాక్‌లు మాత్రమే మార్పించాను. సగం రోజు పని, ఖర్చు కూడా తక్కువ. ఊగడం ఆగింది. కానీ గుంతలో పడితే ముందు వైపు నుంచి టక్ టక్ శబ్దం, బ్రేక్ వేస్తే స్టీరింగ్ ఒక పక్కకు లాగడం అలాగే ఉన్నాయి. ఆ రెండూ షాక్‌ల వల్ల వచ్చినవి కావు. చక్రాన్ని బండి ఒంటికి కలిపే కింది కడ్డీ లోయర్ ఆర్మ్; అది కదిలే చోట ఉండే బుష్‌ల రబ్బరు పగిలిపోయింది.

రెండో దారి, బుష్‌లతో పాటు సస్పెన్షన్‌లోని మిగతా కీళ్లు, కడ్డీలు, అంటే బాల్ జాయింట్లు, లింక్ రాడ్లు కూడా ఒకేసారి మార్చడం. బిల్లు నాకు రెట్టింపు దాటింది, చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ అదనం. అయినా బండి మళ్లీ నా చేతి మాట వింటోంది. పిల్లలు వెనక కూర్చున్నప్పుడు ఆ టెన్షన్ లేదు.

ఒక్క జాగ్రత్త: ఆర్మ్ బుష్ బోల్టుల చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద పడ్డాకే జరగాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలి తిరిగి త్వరగా చిరిగిపోతుంది. దగ్గరుండి చేయించండి.

ఏడాదిలో అమ్మేసే బండికి, రాడ్డు పెట్టి కదిపినా బుష్‌లు గట్టిగా ఉంటే, షాక్‌లు చాలు, అవీ జతగానే. ఇంకా ఐదేళ్లు నడుపుకోవాలంటే నేనైతే అన్నీ ఒకేసారి మార్పిస్తాను.