అన్ని వేటలకూ ఒకే రైఫిల్ అన్నారు, ఒకే తూటా అని చెప్పలేదు

ఈ రైఫిల్ నా దగ్గర పదకొండేళ్లుగా ఉంది. .30-06 తూటా, బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకూ గడియ చేత్తో లాగి మూసేది), 22 అంగుళాల బారెల్, వాల్‌నట్ చెక్క, పైన మూడు నుంచి తొమ్మిది రెట్లు దగ్గరగా చూపే 3-9 స్కోపు. ఇంతకు మించి వర్ణించను. ఈ తరహా రైఫిళ్లన్నీ అన్నదమ్ముల్లాగే ఉంటాయి. నేను రాయదలచుకున్నది దీన్ని కొనేటప్పుడు విన్న ఒక్క మాట గురించి: "తూటా మారిస్తే చాలు, తుపాకీ మార్చినట్టే." తూటా కొసన ఉండి దూసుకుపోయే గుండు నక్కకు తేలికది, జింకకు మధ్యరకం, అడవి పందికీ పెద్ద దుప్పికీ బరువైనది. అమ్మిన పెద్దమనిషి అరచేతిలో వైకుంఠం చూపించాడు. నేను కళ్లప్పగించి చూశాను.

ఆ మాట పూర్తిగా అబద్ధమైతే ఇంత బాధ ఉండేది కాదు. అది సగం నిజం. 1906లో అమెరికా సైన్యం కోసం వచ్చిన తూటా ఇది. పేరు చివరి 06 ఆ సంవత్సరమే. ఇన్నేళ్లలో దీనికి 110 గ్రెయిన్ల (గుండు బరువు చెప్పే చిన్న కొలత) నుంచి 220 గ్రెయిన్ల దాకా గుండ్లు తయారయ్యాయి. అంటే సుమారు 7 గ్రాముల నుంచి 14 గ్రాముల వరకు. వేటకు ఒక్క రైఫిలే కొనుక్కోగలిగిన నాలాంటివాడికి ఇంతకంటే ఏం కావాలి? మొదటి మూడేళ్లు నా బీరువాలో మూడు రకాల డబ్బాలు వరుసగా ఉండేవి. వాటిని చూసుకుని మురిసిపోయేవాణ్ణి. ఎవరడిగినా ఇదే కొనమనేవాణ్ణి. నా మాట విని ఇద్దరు కొన్నారు కూడా.

నాలుగో ఏడు వేటకాలం మొదట్లో 150 గ్రెయిన్ల గుండుతో స్కోపు సరిచూసుకుని రెండు జింకలను కొట్టాను. రెండూ నిలబడ్డ చోటే పడ్డాయి. ఆ ఉత్సాహంలో ఉండగా, పొలాలు పాడుచేస్తున్న పందుల వేటకు అనుమతి దొరికింది, రమ్మని ఒక మిత్రుడు పిలిచాడు. పంది అనగానే నాకు బరువైన గుండు గుర్తొచ్చింది. 180 గ్రెయిన్ల డబ్బా తీసి సంచిలో వేసుకున్నాను. స్కోపు ముట్టుకోలేదు. కాగితం మీద ఒక్కటంటే ఒక్కటి కాల్చి చూడలేదు. తూటా మారిస్తే చాలన్నారు కదా!

సాయంత్రం వెలుగు ఇంకా బాగానే ఉంది. 170 గజాల దూరంలో ఒక మగ పంది కుడివైపు ముఖం పెట్టి అడ్డంగా నిలబడింది. రైఫిల్‌ను గట్టు మీద సంచికి ఆనించి, ముందరి కాలి వెనక, ఒంటి ఎత్తులో సరిగ్గా మధ్యకు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కాను. చెయ్యి వణకలేదు. ఆ సంగతి ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పగలను. గుండు తగిలిన చప్పుడు వినిపించింది గానీ అది ఎముక విరిగిన చప్పుడు కాదు. తడిబట్టను బండకేసి కొట్టినట్టు మెత్తగా ఉంది. పంది ఒక్కసారి నడుం వంచి పొదల్లోకి పరుగు తీసింది. మిత్రుడు నా వైపు చూడలేదు.

కాసేపు ఆగి కుక్కను తీసుకుని వెళ్లాం. ఆకుల మీద నెత్తురు ముదురు రంగులో ఉంది, మధ్యలో పచ్చని మరకలు. పొట్టకు తగిలిందని ఇక ఎవరూ చెప్పనక్కరలేదు. రెండు గంటలు వెతికాం. చీకటి పడింది. చివరికి టార్చిలైటు వెలుగులో కుక్కే దాన్ని పట్టి ఇచ్చింది. ఇంకా బతికే ఉంది. రెండో గుండుతో ముగించాను. మాంసంలో సగం పనికిరాలేదు. అది కాదు నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వనిది. ఆ రెండు గంటలు.

మర్నాడు పొద్దున్నే, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, 100 గజాల దూరంలో కాగితం పెట్టి కాల్చాను. 150 గ్రెయిన్లవి అనుకున్నచోటే తగిలాయి. 180 గ్రెయిన్లవి వాటికి నాలుగంగుళాలు కింద, రెండున్నర అంగుళాలు ఎడమగా గుంపు కట్టాయి. చెదిరిపోలేదు, చక్కటి గుంపే, కాకపోతే వేరే చోట. 170 గజాలకు ఆ తేడా ఇంకా పెరిగి, భుజం వెనక తగలవలసింది పొట్టలో తగిలింది.

బరువైన గుండు కాబట్టి కిందికి దిగిందని సరిపెట్టుకోవచ్చు. మరి ఎడమకు ఎందుకు పోయింది? తూటా పేలినప్పుడు బారెల్ కొరడాలా కంపిస్తుంది. అదే సమయంలో రైఫిల్ వెనక్కి తన్నుతూ మూతి పైకి లేస్తుంది. బరువు, వేగం మారితే గుండు బారెల్ మూతి దాటే క్షణం మారుతుంది, ఆ క్షణంలో మూతి ఎటు చూస్తోందో కూడా మారుతుంది. డబ్బా మీద అచ్చువేసే పట్టిక మూతి దాటాక గుండు ఎంత దిగుతుందో చెబుతుంది గానీ ఈ సంగతి చెప్పలేదు. ప్రతి రైఫిల్‌కూ దాని స్వభావం దానిది. నా మాట విని కొన్నవారిలో ఒకరి రైఫిల్‌లో ఇవే రెండు రకాలు ఇంచుమించు ఒకేచోట తగులుతాయి. అది అతని అదృష్టం.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఇది పెద్దగా తన్నదని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ణి. వేటలో ఒకటీ రెండూ కాల్చినప్పుడు అది నిజమే, అప్పుడు భుజానికేమీ తెలియదు. కాగితం ముందు బల్ల మీద కూర్చుని ఇరవై కాల్చి చూడండి. పదో తూటాకే నేను ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుంటున్నాను. మూడు రకాలకూ విడివిడిగా గురి సరిచూసుకోవాలంటే ఆ బల్ల ముందు పూటంతా కూర్చోవాలి. కూర్చోలేదు కాబట్టే పందికి అలా జరిగింది. తప్పు రైఫిల్‌ది కాదు, నాది.

చెక్క విషయంలోనూ అప్పటి పొగడ్తను కొంత తగ్గించాలి. వాల్‌నట్ అందంగా ఉంటుంది, వానకు ఉబ్బుతుంది కూడా. ఒక తడి కాలంలో అది బారెల్‌ను ఒకపక్క నొక్కడం మొదలుపెట్టింది. బారెల్‌కూ చెక్కకూ మధ్య కాగితం ముక్క జరిపి, ఎక్కడ ఆగుతోందో చూసి అక్కడ గరుకుకాగితంతో అరగదీసి నూనె పట్టించాక కుదుటపడింది.

ఆ మూడు డబ్బాలనూ వదిలేసి ఏడేళ్లయింది. ఇప్పుడు ఒకటే: 165 గ్రెయిన్లు, సీసపు లోపలి భాగం రాగి తొడుగుకు అతికించి ఉన్న రకం. 100 గజాల దగ్గర రెండంగుళాలు పైకి తగిలేలా పెట్టుకున్నాను. 200 దగ్గర సరిగ్గా గురిలో పడుతుంది, 300 దగ్గర సుమారు ఎనిమిది అంగుళాలు దిగుతుంది. 300 దాటి నేను కాల్చను. జింక, పంది, ఒక పెద్ద దుప్పి, అన్నిటికీ ఇదే సరిపోయింది. బరువైన గుండు కావాలన్న పాత సలహా, మెత్తటి సీసపు గుండ్లు ఎముక తగలగానే చితికిపోయే రోజులది. అతికించిన గుండు, మొత్తం రాగితో చేసిన గుండు బరువు నిలుపుకుని లోతుగా దిగుతాయి. దగ్గర్లో కొట్టిన చిన్న జింక భుజం కూడా వేగంగా పోయే పాత 150 రకంతో పాడైనంతగా పాడవడం లేదు. ఇది నేను ఊహించని లాభం. మళ్లీ గురి మారకుండా, డబ్బాలు ఒకే బ్యాచ్ నంబరువి కొన్ని ఒకేసారి కొనిపెట్టుకుంటున్నాను.

నక్కల సంగతి వదిలేశాను. ఈ గుండుతో నక్కను కొడితే తోలు మిగలదు. అన్ని జంతువులకూ అన్న మాట అక్కడే తెగిపోయింది. పెద్ద ఎలుగుబంటి మీద ఎలా పనిచేస్తుందో చెప్పడానికి నేను ఎలుగుబంటి వేటకు పోయినవాణ్ణి కాను.

మరి కొనమంటావా అని అడిగితే, మీ భుజాన్ని అడగమంటాను. ఒకే రకం తూటా వాడేటప్పుడు 220 గ్రెయిన్ల దాకా మోయగల ఇంత పొడుగు తూటాగొట్టం (మందు పట్టే ఇత్తడి గొట్టం) నాకెందుకు? 1952లో వచ్చిన .308 అనే మరో రకం తూటా గొట్టం దీనికంటే 12 మిల్లీమీటర్లు పొట్టి. అదే గుండును కాస్త తక్కువ వేగంతో, తక్కువ తన్నుతో పంపిస్తుంది. ఆ తేడా జింకకు తెలియదు. కొత్తగా మొదలుపెట్టేవారు, ముఖ్యంగా సన్నగా ఉన్నవారు, ఇంకా తక్కువ తన్నే 6.5 క్రీడ్‌మూర్ అనే తూటా కూడా కాల్చి చూడటం మంచిది. నేను మాత్రం దీన్ని అమ్మను. దీని బోల్ట్ చప్పుడుకు నా చెయ్యి అలవాటు పడింది, పైగా ఇప్పుడు ఇది ఎక్కడ కొడుతుందో నాకు తెలుసు. 180 గ్రెయిన్ల డబ్బాలో ఇంకా పద్నాలుగు తూటాలున్నాయి. ఎవరికీ ఇవ్వలేదు, నేనూ కాల్చలేదు.