లంబసింగి ఘాట్ పగలే ఎక్కండి

వైజాగ్ నుంచి లంబసింగి వెళ్ళేవాళ్ళు చాలామంది అర్ధరాత్రి బయల్దేరి, తెల్లారేసరికి కొండ మీద ఉంటారు. రెండేళ్ళ కిందట మేమూ అలాగే వెళ్ళాం. మబ్బులు చూసి వచ్చేశాం. ఘాట్ ఎలా ఉంటుందో మాత్రం చూడలేదు. ఆ వెలితి ఉండిపోయి, మొన్న డిసెంబర్లో అమ్మనీ తమ్ముడినీ తీసుకుని పగలే బయల్దేరాను.

తాళ్ళపాలెం దగ్గర హైవే వదిలేసి, మాకవరపాలెం మీదుగా నర్సీపట్నం చేరాం. టిఫిన్, పెట్రోలు అక్కడే కానిచ్చేయండి. డౌనూరు దాటాక ఎక్కుడు మొదలవుతుంది. మలుపులు గట్టివి, ఎదురుగా బస్సు వస్తే పక్కకి ఒదగాలి. నెమ్మదిగా వెళ్తే టెన్షన్ ఉండదు.

ఈ దారి వెనక పెద్ద కథే ఉంది. 1920ల మొదట్లో ఇక్కడ రోడ్డు పని చేయించింది గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. కొండవాళ్ళ చేత చాకిరీ చేయించుకుని, రావాల్సిన కూలి కూడా సరిగా ఇవ్వలేదు. అడవి నరికి పోడు సాగు చేసుకోనివ్వని అటవీ చట్టాలు అప్పటికే వాళ్ళ పొట్ట కొడుతున్నాయి. ఆ మంటలోంచే గాం గంటం దొర, మల్లు దొర లాంటివాళ్ళు అల్లూరి సీతారామరాజు వెంట నడిచారు. 1922 ఆగస్టు 22న వాళ్ళు మొదట కొట్టింది ఇదే దారిలో పైనున్న చింతపల్లి పోలీస్ స్టేషన్‌ని. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. పట్టుకెళ్ళిన ఆయుధాల లెక్క స్టేషన్ రికార్డులో రాసి, సంతకం పెట్టి మరీ వెళ్ళాడు రాజు. ఒక మలుపులో కారు ఆపి అమ్మకి ఇదంతా చెప్పాను. కాసేపు రోడ్డు వంకే చూసి, "రాళ్ళు కూడా వీళ్ళే మోసుంటార్రా" అంది.

లంబసింగి సుమారు 1000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. దీన్ని కొర్రబయలు అని కూడా అంటారు. బయట పడుకుంటే కర్రలా బిగుసుకుపోతారని ఆ పేరట. మేం తీసుకున్న టెంట్‌లో ఆ పేరు నిజమే అనిపించింది. దుప్పట్లు తడితడిగా ఉన్నాయి, బాత్రూంలో నీళ్ళు రాలేదు, పొద్దున అడిగితే పలికే మనిషి లేడు. డబ్బు ముందే కట్టించుకున్నారు. పెద్దవాళ్ళతో వెళ్తే నర్సీపట్నంలో లాడ్జి తీసుకోవడమే మేలు. టెంటే కావాలంటే దుప్పట్లు, నీళ్ళు చూశాకే డబ్బులివ్వండి.

లంబసింగి దగ్గర్లోని చెరువులవేనం కొండ మీది మబ్బుల గురించి అందరూ చెప్పేదే, నిజంగానే కన్ను తిప్పుకోలేం. నాకు మాత్రం కాఫీ తోటలు ఇంకా నచ్చాయి. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు. రోడ్డు పక్క బొంగులో చికెన్ బాగుంది, వెదురు కాల్చి మన ముందే చీలుస్తారు. తాజంగి జలాశయం దగ్గర ఆగకపోయినా పర్వాలేదు.

తిరుగు ప్రయాణంలో నర్సీపట్నం నుంచి కృష్ణదేవిపేట వెళ్ళాం. 1924 మే 7న కాల్చి చంపాక రాజుని దహనం చేసింది అక్కడే. అమ్మ చెప్పులు విప్పి సమాధి చుట్టూ ఒకసారి తిరిగింది. అరగంట కూర్చున్నాం. పొద్దున కొండ మీద కారు పెట్టడానికి చోటు దొరకలేదు. ఇక్కడ మేం ముగ్గురమే.