చెన్నై చెమ్మలో హార్న్‌బీ రేకు రైళ్లు: మైనం, సిలికా జెల్ ఏళ్ల తరబడి వాడాక

సముద్రపు గాలి తగిలే ఇంట్లో పాత రేకు రైళ్లు దాచుకునేవాళ్లు ముందు డబ్బు పెట్టాల్సింది మైనం మీద కాదు, మూత బిర్రుగా పడే డబ్బా మీద. బీసెంట్ నగర్‌లో మా ఇంట్లో ఉన్నవి మావయ్య ఇచ్చిన బ్రిటిష్ బొమ్మ రైళ్ల కంపెనీ హార్న్‌బీ వారి ‘O’ గేజ్ (పట్టాల వెడల్పు కొలత) బండ్లు, రెండో ప్రపంచ యుద్ధానికి ముందువి. కీ ఇస్తే నడిచే ఇంజిన్, నాలుగు చక్రాల గూడ్సు పెట్టెలు. వాటికి రెనయిసాన్స్ అనే పాలిష్ మైనం, తేమ పీల్చే సిలికా జెల్ గుళికలు రెండూ చాలా ఏళ్లుగా వాడుతున్నాను.

ఈ మైనం 1950ల్లో బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో తయారైంది. రంగు గట్టిగా ఉన్న రేకుకి చాలా మంచిది. గోరంత తీసుకుని, పాత బనియన్ గుడ్డతో పలచగా రాసి వెంటనే తుడిచేస్తే చేతి చెమట లోహానికి తగలదు. మడతల్లో మిగిలిపోతే తెల్లగా కనిపిస్తుంది, మెత్తటి బ్రష్‌తో తీసేయాలి. పెచ్చులు లేచిన చోట మాత్రం అసలు తాకించకండి. గుడ్డ పోగు అంచుకి తగిలిందంటే ఎనభై ఏళ్ల రంగు ఊడి చేతికొస్తుంది. పైగా ఇందులో వైట్ స్పిరిట్ ఉంటుంది, అడుగున కనపడని చోట రాసి చూశాకే పైకి రండి. పెచ్చులు అతికించడానికి మ్యూజియాల్లో పారలాయిడ్ బీ-72 అనే రెసిన్ వాడతారు. దాన్ని కరిగించే ఎసిటోన్ పాత రంగుని కూడా కరిగించగలదు, అందుకే ఇంట్లో నేనా పని పెట్టుకోను.

చక్రాల బాధ వేరు. అప్పటి పోత చక్రాలు మజాక్ అనే జింకు మిశ్రమంతో చేసినవి. అందులో సీసం ఏ కాస్త కలిసినా లోహాన్ని లోపలి నుంచే తినేస్తుంది. ముందు చక్రం ఉబ్బుతుంది, తర్వాత వెంట్రుకవాసి బీటలు పడతాయి, చివరికి వేలితో నొక్కితే నానిన బిస్కెట్‌లా రాలిపోతుంది. పైన ఎంత మైనం పూసినా లాభం లేదు. పక్క బండికి అంటుకుంటుందని చాలామందికి టెన్షన్, కానీ ఇది అంటురోగం కాదు. వేడి, చెమ్మ దాన్ని తొందరపెడతాయి. అందుకే బీటలున్న బండిని చక్రాల మీద నిలబెట్టను, అడుగున ఈపీఈ ఫోమ్ (ప్యాకింగ్‌లో వాడే మెత్తటి స్పాంజి లాంటిది) ముక్క పెట్టి బరువు దాని మీద ఆనిస్తాను.

ఇక డబ్బా. ఈశాన్య రుతుపవనాల ముసురులో గదిలో తేమ మీటర్ 80 శాతం దాటుతుంది, సిలికా జెల్ ఉన్న డబ్బాలో 45 దగ్గరే ఉంటుంది. ఇంజిన్ బాయిలర్ అంచున ముందే ఉన్న తుప్పు మచ్చ ఇన్నేళ్లలో పెరగలేదు, ఆ పుణ్యం దీనిదే. నారింజ రంగు జెల్ కొనండి, నీలం దాంట్లో ఆరోగ్యానికి హాని చేసే కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది. రంగు మారగానే ఓవెన్‌లో 110–120 డిగ్రీల దగ్గర ఆరబెడితే మళ్లీ పనికొస్తుంది. ముసురు రోజుల్లో ఈ పని మాటిమాటికీ తప్పదు, అదొక్కటే విసుగు.

అద్దాల ప్లైవుడ్ షోకేస్‌లో పెట్టాలని ఎవరికైనా ఉంటుంది. కానీ చెక్క, జిగురు వదిలే ఆమ్లపు ఆవిర్లు జింకుకీ సీసానికీ పడవు. నాఫ్తలీన్ ఉండలు కూడా వద్దు. ఆన్‌లైన్‌లో యుద్ధానికి ముందు బండ్లు కొనేవాళ్లు డబ్బు పంపేముందు చక్రాలని దగ్గర నుంచి తీసిన ఫోటో అడగండి, బీటలు అక్కడే తెలిసిపోతాయి.