వీల్‌చైర్ సమాచారం ఏ మ్యాప్‌లో చేర్చాలి: గూగుల్, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, వీల్‌మ్యాప్‌లలో ఏది మేలు?

వారానికి ఒక గంట తీరిక ఉంది, చేతిలో ఫోన్ ఉంది. ఏయే చోట్లకు వీల్‌చైర్‌లో వెళ్లవచ్చో, ఎక్కడ కుదరదో మ్యాపుల్లో చేర్చాలని ఉంది. ఆ గంటను ఏ మ్యాప్‌కి ఇవ్వాలి? ఈ పని కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు అడిగేది ఇదే. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను: ఒక్కటే ఎంచుకోవాల్సి వస్తే, ఎవరైనా గీయగలిగే, మార్చగలిగే మ్యాప్ అయిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. అందులో "వెళ్లొచ్చు" లేదా "వెళ్లలేం" అని తేల్చేసి ఊరుకోనక్కర్లేదు, చూసింది చూసినట్టు రాసిపెట్టొచ్చు.

అది ఎందుకంత ముఖ్యమంటే, వీల్‌చైర్‌లన్నీ ఒకటి కావు, వాడేవాళ్లూ ఒకేలా ఉండరు. గుమ్మం ముందు ఒక మెట్టు ఉందనుకోండి. చేత్తో తిప్పుకునే తేలికపాటి కుర్చీలో ఉన్నవాళ్లు, అలవాటుంటే, ముందు చక్రాలు లేపి చిన్న మెట్టు ఎక్కేయగలరు. తోడు మనిషి ఉంటే ఇంకాస్త ఎత్తున్నదీ ఎక్కుతారు. బ్యాటరీ కుర్చీ అలా కాదు. మనిషి బరువు కలపకుండానే అది 100 కిలోలు దాటవచ్చు, ఇద్దరు కలిసినా ఎత్తడం కష్టం. అదే మెట్టు దగ్గర ఒకరు లోపలికి వెళ్తారు, ఇంకొకరు వెనక్కి తిరగాలి. ఇద్దరికీ కలిపి ఒక్క "అవును" చెప్తే రెండో మనిషికి అన్యాయం జరుగుతుంది. "ఒక మెట్టు, ఎత్తు 12 సెంటీమీటర్లు, ర్యాంప్ లేదు" అని రాస్తే మాత్రం ఎవరి నిర్ణయం వాళ్లు ఇంట్లోనే తీసుకుంటారు.

ఇప్పుడు గూగుల్ మ్యాప్స్ సంగతి. దాని బలం ఒక్కటే, కానీ చాలా పెద్దది: ఎక్కువమంది చూసేది అదే. 2020 మేలో అందులో "యాక్సెసిబుల్ ప్లేసెస్" అనే సెట్టింగ్ తెచ్చారు. అది ఆన్ చేసుకుంటే, వీల్‌చైర్‌తో లోపలికి వెళ్లగలిగే చోట్లకు వీల్‌చైర్ గుర్తు కనిపిస్తుంది. లోపలికి వెళ్లే దారి, టాయిలెట్, పార్కింగ్, కూర్చునే చోటు, వీటి గురించి ఎవరైనా జవాబులు ఇవ్వొచ్చు. నిమిషం కూడా పట్టదు.

చిక్కంతా ఆ జవాబులు అవును, కాదు దగ్గర ఆగిపోవడంలోనే ఉంది. మెట్టు ఎత్తు రాయడానికి గడి లేదు. పైగా ఆ వ్యాపారం నడిపేవాళ్లు కూడా తమ చోటు గురించి "అవును" అని పెట్టుకోవచ్చు. అందులో దురుద్దేశం ఉండాల్సిన పని లేదు. రోజూ రెండు మెట్లెక్కి లోపలికి వెళ్లే మనిషికి ఆ మెట్లున్న సంగతే తట్టదు. అందుకే గూగుల్‌లో జవాబుతో పాటు గుమ్మం ఫొటో ఒకటి పెట్టమంటాను, మెట్టు, తలుపు, ముందున్న నేల అన్నీ కనిపించేలా. రివ్యూలో రెండు వాక్యాలు రాస్తే ఇంకా మంచిది. ఇంకో లోటు కూడా ఉంది. మనం ఇచ్చిన సమాచారమంతా ఒక కంపెనీ చేతిలో ఉంటుంది. దాన్ని మొత్తంగా తీసుకుని వీల్‌చైర్‌వాళ్ల కోసం వేరే యాప్ కట్టాలంటే స్వేచ్ఛగా కుదరదు.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టారు. మ్యాప్‌లో ఎక్కువ భాగం స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు గీసిందే. మూలం పేర్కొంటూ, షరతులు పాటిస్తూ, అందులోని డేటాను ఎవరైనా వాడుకోవచ్చు. ప్రతి చోటికీ "వీల్‌చైర్" అనే ట్యాగ్, అంటే ఆ చోటు గురించి ఒక చిన్న వివరం, పెట్టొచ్చు: అవును, పరిమితం, కాదు. టాయిలెట్‌కి వేరే ట్యాగ్. మెట్లెన్ని, తలుపు వెడల్పెంత, ర్యాంప్ ఉందా, దాని వాలెంత, ఇవన్నీ విడివిడిగా రాయొచ్చు. ఇవేవీ చాలకపోతే వివరణ మామూలు మాటల్లో రాయడానికి కూడా చోటుంది. "ముందు నుంచి మెట్లున్నాయి, కుడిపక్క తలుపు నేలకు సమానంగా ఉంది, కానీ తాళం వేసి ఉంటుంది, పిలిస్తే తీస్తారు." ఇంత చెప్పగలిగితేనే సమాచారం పనికొస్తుంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మాత్రం దారి గురించి రాయగలగడం. లోపల అన్నీ బాగున్న లైబ్రరీకి కూడా వీధి దాటలేకపోతే చేరలేం. ఫుట్‌పాత్ అంచు ఎత్తుగా ఉందా, దించారా, రోడ్డుకు సమానంగా ఉందా అన్నది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో నమోదు చేయొచ్చు. దారి నున్నగా ఉందా, గతుకులా, ఎంత వాలుగా ఉంది అన్నవీ చేర్చొచ్చు. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో తయారైన ఓపెన్‌రూట్‌సర్వీస్ ఈ వివరాలు తీసుకుని వీల్‌చైర్‌కి తగిన దారి చూపిస్తుంది. ఎంత వాలు, ఎంత ఎత్తు అంచు వరకు ఫర్వాలేదో మనమే చెప్పొచ్చు. మనం నమోదు చేసిన ఒక్క ఫుట్‌పాత్ అంచు ఇంకొకరికి రేపు దారి అవుతుంది. అవును, కాదు అన్న జవాబులతో ఇది జరగదు.

లోటు లేదని కాదు. ట్యాగ్‌లు అలవాటు కావడానికి టైమ్ పడుతుంది. నేరుగా ఈ మ్యాప్ తెరిచి చూసేవాళ్లూ తక్కువే.

ఆ ఇబ్బందిని చాలావరకు తీర్చేవి వీల్‌మ్యాప్, స్ట్రీట్‌కంప్లీట్ అనే రెండు. వీల్‌మ్యాప్‌ను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కు పోటీ అనుకుంటారు చాలామంది. నిజానికి అది దాని మీదే నిలబడింది. బెర్లిన్‌లోని సోజియల్‌హెల్డెన్ అనే సంస్థ 2010లో మొదలుపెట్టింది. ఆ సంస్థను స్థాపించినవాళ్లలో ఒకరైన రౌల్ క్రౌట్‌హౌజెన్ స్వయంగా వీల్‌చైర్ వాడతారు. వీల్‌మ్యాప్‌లో ఒక్కో చోటుకీ ఒక రంగు పెడతారు. ప్రవేశంలో మెట్టు లేకుండా, లోపల అన్ని గదులకూ మెట్లు లేకుండా వెళ్లగలిగితే ఆకుపచ్చ. ప్రవేశంలో 7 సెంటీమీటర్లకు మించని ఒకే మెట్టు ఉండి, ముఖ్యమైన గదులకు మెట్లు లేకుండా వెళ్లగలిగితే నారింజ. లేకపోతే ఎరుపు. ఇంకా ఎవరూ చూడనిది బూడిద రంగు. ఏది ఏ రంగో కొలతతో చెప్పారు కాబట్టి పదిమంది కలిసి చేసినా జవాబులు దాదాపు ఒకేలా వస్తాయి. కాలేజీ పిల్లలతోనో, ఆఫీసు బృందంతోనో ఒక మధ్యాహ్నం ఈ పని చేయించాలంటే నేను దీనికే ఓటేస్తాను.

ఒంటరిగా నడుస్తూ చేసేవాళ్లకు ఆండ్రాయిడ్‌లో స్ట్రీట్‌కంప్లీట్ హాయి. మీరున్న చోట తెలియని సంగతుల్ని అదే ప్రశ్నలుగా అడుగుతుంది, మీరు జవాబు నొక్కితే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి చేరిపోతుంది. ట్యాగ్‌ల టెన్షన్ లేదు.

ఇంట్లో కూర్చుని చేయదలచుకున్నవాళ్లకు ప్రాజెక్ట్ సైడ్‌వాక్ ఉంది. వీధి ఫొటోల్లో ఫుట్‌పాత్ అంచులు, అడ్డంకులు గుర్తించే ఈ పనిని అమెరికాలో యూనివర్సిటీ పరిశోధకులు నడుపుతున్నారు. బయటికి రావడం కష్టమైనవాళ్లు కూడా పాల్గొనగలగడం నాకు చాలా నచ్చింది. అయితే ఎంపిక చేసిన నగరాల్లోనే ఉంది. ఫొటో పాతదై ఉండొచ్చు, తలుపు లోపల ఏముందో అది చూపించదు కూడా. వీధులకు సరిపోతుంది, భవనాలకు కాళ్లతోనో చక్రాలతోనో వెళ్లి చూడాల్సిందే.

వేదిక ఏదైనా, కొత్తవాళ్లు "కాదు" అని రాయడానికి మొహమాటపడతారు. అక్కడివాళ్లను తప్పుపట్టినట్టు ఉంటుందని వాళ్ల భయం. దయచేసి రాయండి. ఎరుపు గుర్తు చూసిన మనిషి ఆ ప్రయాణం మానుకుని ఇంకో చోటికి వెళ్తారు. ఆకుపచ్చ తప్పుగా పెడితే మాత్రం అంతదూరం వచ్చి, లోపల ఉన్నవాళ్లను చూస్తూ బయటే ఆగిపోవాలి. నిజం తెలియనప్పుడు ఖాళీగా వదిలేయడం ఊహించి రాయడం కంటే ఎంతో మేలు. గోడ మీద వీల్‌చైర్ బొమ్మ ఉన్నంత మాత్రాన టాయిలెట్ తలుపు తెరిచి చూడకుండా "అవును" పెట్టకండి. ఆ గదిని సామాన్లు పెట్టుకోవడానికి వాడుతుంటే కుర్చీ తిరగడానికి చోటే ఉండదు.

నేను పాటించే వరస ఇది. ముందు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కొలతలతో సహా పెడతాను. ఆ తర్వాత అదే చోటుకి గూగుల్‌లో జవాబులు, గుమ్మం ఫొటో ఇస్తాను, ఎందుకంటే వెతికేవాళ్లు అక్కడే వెతుకుతారు. మన కళ్లతో చూసింది రెండింటిలోనూ పెట్టొచ్చు. గూగుల్‌లో ఉన్నదాన్ని చూసి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి ఎక్కించడం మాత్రం కుదరదు, లైసెన్స్ ఒప్పుకోదు. జేబులో చిన్న టేపు ఉంటే కొలతకు చాలు. చూసిన తేదీ కూడా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో రాసే వీలుంది, తప్పకుండా రాయండి. ర్యాంప్ తీసేస్తారు, కొత్తది కడతారు, తలుపు మారుస్తారు. మూడేళ్ల కిందటి "అవును"ను ఎంత నమ్మాలో తేదీ చూసి చదివేవాళ్లు తేల్చుకుంటారు.