పరుగా, బరువులా? ఆ అరగంటలో ఒంట్లో ఏం జరుగుతుంది

పరుగులో మొదటి రెండు మూడు నిమిషాలే నాకు అన్నిటికన్నా కష్టం. ఊపిరి అందదు, కాళ్లు బరువెక్కుతాయి, వెనక్కి పోదాం అనిపిస్తుంది. ఐదో నిమిషానికి అదే వేగం హాయిగా ఉంటుంది. గుండె, ఊపిరితిత్తులు పుంజుకుని కండరాలకు సరిపడా ఆక్సిజన్ అందించడానికి ఆ మాత్రం టైం పడుతుంది మరి. అందాకా కండరం తన నిల్వలతో నెట్టుకొస్తుంది.

బరువులెత్తేటప్పుడు ఈ కుదుటపడటం ఉండదు. కండరంలో ఉండే క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే రెడీ శక్తి నిల్వ గట్టిగా వాడితే సుమారు పది సెకన్లకే అడుగంటుతుంది. ఆ తర్వాత గ్లూకోజ్‌ను ఆక్సిజన్ లేకుండానే విడగొట్టుకోవాలి. రెండు మూడు నిమిషాలు కూర్చుంటే ఆ నిల్వ చాలామటుకు మళ్లీ నిండుతుంది. అందుకే సెట్‌కీ సెట్‌కీ మధ్య ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాళ్లందరూ బద్ధకస్తులు కారు.

అసలు తేడా గుండె దగ్గరుంది. ఊరికే కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి దాదాపు 5 లీటర్ల రక్తం తోడుతుంది. గట్టిగా పరిగెత్తితే అది 20 లీటర్ల దాకా పోతుంది. కానీ పనిచేసే కండరాల్లో రక్తనాళాలు విచ్చుకుంటాయి కాబట్టి పై బీపీ పెరిగినా కింది బీపీ ఇంచుమించు అక్కడే ఉంటుంది. బరువుల్లో అలా కాదు. బిగుసుకున్న కండరం తనలోని నాళాలనే నొక్కేస్తుంది. దానికి తోడు ఊపిరి బిగబట్టామా, పైదీ కిందదీ రెండూ ఎగబాకుతాయి. 1985లో వెలువడిన ఒక అధ్యయనంలో బాడీబిల్డర్లు భారీ బరువుతో లెగ్ ప్రెస్ (కాళ్లతో బరువును నెట్టడం) చేస్తుండగా నేరుగా ధమనిలోనే కొలిస్తే సగటున 320/250 వచ్చింది! బరువు దించిన కొన్ని సెకన్లకే దిగిపోయింది లెండి. నేనూ ఒకసారి ఊపిరి బిగబట్టి స్క్వాట్ (భుజాల మీద బరువుల బార్ పెట్టుకుని గుంజీలా కూర్చుని లేవడం) నుంచి లేచాను. ముఖం ఎర్రబడి, చెవులు గుయ్యిమని, బార్‌ను స్టాండ్ మీద పెట్టాక కూడా దాన్నే పట్టుకుని నిలబడ్డాను.

అలాగని పరుగుకు తిరకాసు లేదని కాదు. వేగంగా పరిగెత్తి ఒక్కసారిగా ఆగితే, అప్పటిదాకా రక్తాన్ని పైకి నెడుతున్న పిక్కలు పని మానేస్తాయి. రక్తం కాళ్లలోనే నిలిచి కళ్లు తిరుగుతాయి. నాలుగైదు నిమిషాలు నడిచి ఆగితే ఈ బాధ ఉండదు.

షుగర్ ఉన్నవాళ్లకు ఇంకో సంగతి. ఒక మోస్తరు పరుగులో కండరం ఇన్సులిన్‌తో పనిలేకుండానే గ్లూకోజ్ లాక్కుంటుంది, రీడింగ్ సాధారణంగా తగ్గుతుంది. భారీ బరువులకు అడ్రినలిన్ ఎగదన్ని కాసేపు పెరగనూ వచ్చు. అది చూసి టెన్షన్ పడి వ్యాయామం మానేయనక్కర్లేదు.

మర్నాటి ఒళ్లు నొప్పుల నింద లాక్టిక్ యాసిడ్ మీద వేస్తారు కానీ, అది గంటలోపే సర్దుకుంటుంది. నొప్పి కండరంలో పడిన సన్నటి దెబ్బలది. బరువును మెల్లగా దించేటప్పుడూ, వాలు మీద కిందికి పరిగెత్తేటప్పుడూ అవి ఎక్కువ.

నన్నడిగితే, బీపీ ఎక్కువున్నవాళ్లూ చాన్నాళ్లకి మొదలుపెడుతున్నవాళ్లూ ముందు చురుకైన నడకకే రావాలి. నడక అలవాటయ్యాక, డాక్టర్ సరేనంటే, తేలికపాటి బరువులు, అవీ ఎత్తేటప్పుడు ఊపిరి వదులుతూ. ఆరోగ్యంగా ఉండి ఒకేరోజు రెండూ చేసేవాళ్లయితే బరువులే ముందు. పరుగుతో వణికే కాళ్లతో స్క్వాట్ బార్ కింద దూరడం నాకు నచ్చదు.