కుక్కతో సైకిల్ మీద విశాఖ నుంచి అరకు: దారి, బస, ట్రైలర్ సంగతులు

విశాఖ నుంచి అరకు రోడ్డున సుమారు 115 కిలోమీటర్లు. తొక్కడం అలవాటైన మనిషి ఒంటరిగా వెళితే చీకటితో బయల్దేరి సాయంత్రానికి చేరుకోవచ్చు. కుక్క తోడుంటే మూడు రోజులు పెట్టుకోండి, భీమిలి మీదుగా అయితే నాలుగు. దూరం వల్ల కాదు, కోస్తా ఉక్క వల్ల. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతున్నప్పుడు నాలుక మీద తడి ఆరితేనే దాని ఒళ్లు చల్లబడుతుంది. గాలి నిండా తేమ ఉంటే ఆ తడి ఆరదు. అందుకే పొడిగాలి ఊళ్లలో 30 డిగ్రీలకు తట్టుకునే కుక్క ఇక్కడ అదే 30కి సొమ్మసిల్లుతుంది. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా మంచి కాలం. అక్టోబరు వద్దు, అది తుపాన్ల నెల. 2014లో హుద్‌హుద్ విశాఖను కొట్టింది అక్టోబరు 12నే.

కుక్క పరిగెత్తుకుంటూ వస్తుందిలే అనుకోవద్దు. ఎక్కువ దూరం ట్రైలర్‌లోనే, అంటే సైకిల్ వెనక తగిలించే చిన్న బండిలోనే, రావాలి. 18 కిలోల కుక్క, 12 కిలోల ట్రైలర్, సామాను కలిపితే వెనక 35 కిలోలు దాటుతుంది. ముందు చూడాల్సింది ఇరుసు. మన మామూలు సైకిళ్లకు వెనక నట్టు ఇరుసే ఉంటుంది. ట్రైలర్ కొక్కెం పలక మధ్యలో దూర్చాక కూడా నట్టు పూర్తిగా ఎక్కేంత మర మిగలాలి. మిగలకపోతే పొడవైన ఇరుసు వేయించండి, సగం ఎక్కిన నట్టు ఘాట్‌లో ఊడుతుంది. త్రూ యాక్సిల్ (నట్టు లేకుండా నేరుగా ఫ్రేములోకి మరతో బిగించే ఇరుసు) అయితే మర పిచ్, అంటే మర చుట్ల మధ్య దూరం, 1.0, 1.5, 1.75 మిల్లీమీటర్లలో ఏదో చూసుకుని దానికి సరిపోయే పొడవైనదే కొనాలి. కొక్కెం ఊడినా ట్రైలర్ విడిపోకుండా భద్రతా పట్టీని ఫ్రేముకు చుట్టడం మానొద్దు.

బరువు చక్రాలకు కాస్త ముందు పడాలి. కుక్క కూర్చున్నాక, ట్రైలర్‌ను సైకిల్‌కు కలిపే కడ్డీ కొసను స్ప్రింగ్ కాటాకు తగిలిస్తే 3 నుంచి 7 కిలోలు చూపాలి. కుక్క వెనక్కి జరిగితే కడ్డీ పైకి లేస్తుంది, సైకిల్ వెనక చక్రం మీద భారం తగ్గుతుంది, బ్రేకు వేసినప్పుడు జారుతుంది. ట్రైలర్ లోపలి పట్టీని హార్నెస్‌కు (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీకి) పొట్టిగా కట్టండి, మెడ పట్టీకి మాత్రం ఎప్పుడూ కట్టొద్దు.

మొదటి రోజు బీచ్ రోడ్డు మీదుగా రుషికొండ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు దాటి భీమిలి. పాతిక ముప్పై కిలోమీటర్లే, అయినా తొమ్మిదింటికల్లా ముగించండి. తారు మీద అరచేయి ఏడు సెకన్లు పెట్టలేకపోతే కుక్కను దింపకూడదు. సముద్రపు నీళ్లు తాగనిస్తే వాంతులు, విరేచనాలు తప్పవు. జాలరి పేటల దగ్గర ఎండుచేపల వాసనకు గుంజుకుపోతుంది, ఆ ఇసుకలో గాలాలూ వలముక్కలూ ఉంటాయి. అక్కడ పట్టీ పొట్టిగా పట్టుకోండి. పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎస్.కోటకు (శృంగవరపుకోటకు) దారి దగ్గరే, కానీ లారీలు ఎక్కువ. భీమిలి, తగరపువలస, విజయనగరం చుట్టూ తిరిగి వెళ్లడమే మేలు. భీమిలిలో సముద్రంలో కలిసే గోస్తనిని తాటిపూడి దగ్గర మళ్లీ చూస్తారు.

బస విషయంలో నక్షత్రాల కంటే నేల, గేటు ముఖ్యం. కింది అంతస్తు గది, గచ్చు నేల, ప్రహరీ ఉంటే చాలు. ఫోన్లో కుక్క బరువు, ఎత్తు చెప్పి, ‘గదిలోనే ఉంటుంది’ అని వాట్సాప్‌లో ఒప్పుకోలు తీసుకోండి. సరేనన్నవాళ్లు కూడా తీరా వెళ్లాక వాచ్‌మన్ గది పక్కన కట్టేయమనడం మామూలే. అరకులో గుడారాల క్యాంపులు కుక్కకు పనికిరావు. అర్ధరాత్రి దాకా స్పీకర్లు, చలిమంటలు. ఇంటివాళ్లు ఉండే హోమ్‌స్టే నయం, కోళ్లూ మేకలూ ఉన్నాయేమో ముందే అడగండి. డిసెంబరు, జనవరిలో రాత్రి చలి గట్టిది, పడుకోవడానికి మందపు గోనె వేయాలి.

తిండికి పెరుగన్నం, ఉడికిన గుడ్డు, ఉప్పు లేని చోడి (రాగి) అంబలి అన్నిచోట్లా దొరుకుతాయి. సాంబారు వద్దు, ఉల్లి, వెల్లుల్లి కుక్కకు విషం. బొంగులో చికెన్ మసాలాతో పాటు ఎముకలూ ప్రమాదమే. ఉడికిన ఎముక చీలికలై పేగుల్లో గుచ్చుకుంటుంది. 18 కిలోల కుక్కకు రోజుకు రెండు లీటర్ల నీళ్లు లెక్క.

ఎస్.కోట దాటాక ఘాట్. ఎక్కుడులో సైకిల్ వేగం గంటకు ఐదారు కిలోమీటర్లే కాబట్టి అప్పుడప్పుడు కుక్కను ఎడమ పక్క, కొండ వైపో గోడ వైపో, నడిపించవచ్చు. అనంతగిరిలో రాత్రి ఆగితే మర్నాడు సుంకరిమెట్ట కాఫీ తోటల నీడలో హాయిగా సాగుతుంది. బొర్రా గుహల దగ్గర కోతులు చాలా ఎక్కువ, ఒకరు కుక్కతో బయటే దూరంగా ఉండాలి. నాలుక ముదురెరుపై, చొంగ చిక్కబడి, నడక తూలిందంటే వడదెబ్బే. చేతిలో ఏ నీళ్లుంటే అవి ఒళ్లంతా పోసి గాలి విసరండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే వేడి లోపలే నిలుస్తుంది. ఒళ్లు చల్లబడ్డాకే పశువుల ఆసుపత్రికి. ఊరకుక్కలు మీదికొస్తే వేగం పెంచొద్దు. దిగి, సైకిల్‌ను అడ్డుపెట్టి నడవండి. రేబిస్ టీకా కాగితం, పిడుదుల మందు బయల్దేరకముందే ఉండాలి.

దిగేటప్పుడు కుక్క ట్రైలర్‌లోనే, వేగం 20 లోపు. ముందు, వెనక బ్రేకులు మార్చి మార్చి వేస్తూ రెండు మూడు కిలోమీటర్లకోసారి ఆగి చల్లారనివ్వండి. మలుపులోకి వెళ్లాక కాదు, వెళ్లకముందే వేగం తగ్గించాలి. లేకపోతే ట్రైలర్ తోసి సైకిల్‌ను పక్కకు మడిచేస్తుంది. రైల్లో తిరిగొద్దామంటే, ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం తీసుకుంటే తప్ప కుక్క వెళ్లేది బ్రేక్ వ్యాన్‌లో (గార్డు ఉండే బోగీలో) కుక్కల పెట్టెలోనే, పశువైద్యుడి ధ్రువపత్రంతో. ఈ లైనులో 58 సొరంగాలున్నాయి. చీకటికీ మోతకూ బెదిరే కుక్కను ఎక్కించకండి, ట్రైలర్‌ను మడిచి వ్యాన్ మాట్లాడుకోండి.